తిండి సరిగా తినని చెల్లెలు

మా పై వాటాలో ఉండే ఆవిడను వీధంతా సీసాలక్క అంటుంది. ఆ పేరు పెట్టింది పిల్లలు. ఆమె పనిచేసే ల్యాబులో గడువు తీరిందని పక్కన పడేసిన ప్లాస్టిక్ సీసాలు, అరచేతంత వెడల్పువి, మెడ ఒక పక్కకి వంగినవి, ఎప్పుడో నాలుగు తెచ్చి రంగునీళ్లు కలుపుకోమని పిల్లలకిచ్చింది. అంతే, అసలు పేరు ఇంటి యజమానికి కూడా గుర్తు లేకుండా పోయింది.

నా కుర్చీ కింది వాటా గుమ్మంలో, సరిగ్గా మెట్ల మొదట్లో ఉంటుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నాకు నాలుగు మాటలు సుంకం కట్టకుండా పోలేరు. సీసాలక్క ఒక్కతే ఏళ్ల తరబడి "బాగున్నారా పిన్నిగారూ" అన్న ఒక్క మాట విసిరేసి తప్పించుకునేది. అలాంటి మనిషి కనిపిస్తే నాకు అన్నం సయించదు. సన్నటి మనిషి, పెళ్లి చేసుకోలేదు. గోళ్లు మొదలంటా కత్తిరించుకుని, ఎప్పుడు చూసినా అప్పుడే కడుక్కున్నట్టుండే చేతులు. మీద స్పిరిట్ వాసన. సెలవు రోజైనా, కుండపోత వానైనా గొడుగేసుకుని బయల్దేరేది.

ఒక సెలవు నాడు కుర్చీ మెట్లకి అడ్డంగా జరిపి కూర్చున్నాను.

"ఇవాళ కూడా ఎక్కడికే అమ్మాయ్?"

"మేత మార్చాలి పిన్నిగారూ."

"మేతా! ఆవులున్నాయా నీకు?"

"ఆవులకన్నా చిన్నవి."

"మేకలా?"

"ఇంకా చిన్నవి."

"చీమలా ఏంటే కొంపదీసి?"

"కంటికి కనపడవు పిన్నిగారూ."

"కనపడని వాటికి మేతెందుకే? ఒక పూట పస్తుంచితే మాత్రం ఎవరికి తెలుస్తుంది?"

ఆమె గొడుగు విప్పుతూ, "వాటికి తెలుస్తుంది," అని నా కుర్చీ పక్కనుంచి ఒదిగి వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. తర్వాత రోజుల్లో టీ గ్లాసు ఎర వేసి, ఒక్కో మెట్టు మీద ఒక్కో ముక్క చొప్పున, మొత్తం లాగాను. మనుషుల ఒంట్లోంచి తీసిన జబ్బు గడ్డల్లోంచి చిన్న ముక్క తెచ్చి, విడదీసి, ఆ చదును సీసాల్లో పెంచుతారట. మన ఒంటి వేడి ఎంతుంటుందో అంత వేడిగా ఉండే అలమరలో పెడతారట. గులాబీరంగు నీళ్లు వాటి ఆహారం. తిన్నకొద్దీ ఆ నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. అప్పుడు పాతవి తీసేసి కొత్తవి పొయ్యాలి. ఆ పొయ్యడమే సీసాలక్క ఉద్యోగం. ఒకే బల్ల మీద ఇద్దరి సీసాల మూతలు ఒకేసారి తియ్యకూడదు, ఒకరి ఆహారంలో ముంచిన గొట్టం ఇంకొకరి దాంట్లో పెట్టకూడదు. ఎంగిలి కలిసిపోతుందన్నమాట. నాకు బాగానే అర్థమైంది.

ఆమె చెల్లెలు మాత్రం ఆమెకి పూర్తిగా వ్యతిరేకం. బట్టలు కుట్టేది. కుట్టుమిషను చప్పుడూ, దాన్ని మించిన ఆమె నవ్వూ నా నెత్తి మీదే మోగేవి. మొగుడు వేరే సంసారం పెట్టుకుంటే చంకలో పిల్లతో వచ్చి అక్క దగ్గర చేరింది. ఆ పిల్ల పొట్టిగా, గుండ్రంగా ఉండేదని నేను బుడంకాయ అన్నాను. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నా, నాకన్నా జానెడు ఎత్తు పెరిగినా నాకది బుడంకాయే.

చెల్లెలికి ఉన్న లోపం ఒక్కటే, తిండి. పిట్ట తిన్నట్టు తినేది. పళ్లెం ముందు కూర్చుని వేలితో మెతుకుల్ని అటూ ఇటూ నడిపేది. చిన్నప్పుడే తల్లి పోతే దాన్ని సాకింది అక్కే. అంత పెద్దదయ్యాక కూడా పక్కన కూర్చుని "ఇదొక్క ముద్ద, నా బంగారు కదూ" అని బతిమాలేది. నేను పైకి వెళ్లినప్పుడల్లా ఆ తంతు చూసేదాన్ని.

"సిగ్గు లేదుటే, కూతురు తనంతట తను తింటుంటే తల్లివి నీకు తినిపించాలా?" అంటే, చెల్లెలు నవ్వేది.

"నేను తినేస్తే మా అక్కకి పనేముంటుంది పిన్నిగారూ, పాపం!"

అలాంటి మనిషి పొట్ట ఉబ్బితే, ఇన్నాళ్లకి ఒళ్లు చేసిందని సంతోషించాం. తీరా చూస్తే గడ్డ. అరుదైన రకమన్నారు, ఆలస్యమైందన్నారు. ఆపరేషన్‌కి ముందు, ఒక ముక్క పరిశోధనకి ఇస్తారా అని అడిగితే, పక్క మీంచే షరతు పెట్టిందట: "ఇస్తాను గానీ మా అక్క చేతిలోనే పెట్టాలి. నాకు తినిపించడం దానికొక్కదానికే చేతనవును." నర్సులు కూడా నవ్వారని సీసాలక్క నాతో చెప్పింది. చెప్పి నవ్వబోయింది, రాలేదు.

ఆ ఏడు వానలు వెలిసేలోపే చెల్లెలు పోయింది.

సాగనంపి వచ్చిన మర్నాడే సీసాలక్క గొడుగు తీసుకుని మెట్లు దిగింది. వీధిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. రాతి గుండె అన్నవాళ్లూ ఉన్నారు. నాకు తెలుసు గనక ఊరుకున్నాను. అక్కడ సీసాలో చెల్లెలు ఉంది, దానికి మేత మార్చాలి.

మొదట్లో ఆ కణాలు పెరగనని మొండికేశాయి. సాయంత్రం ఆమె మెట్లెక్కుతుంటే నా ప్రశ్న ఒక్కటే: "తిన్నదా?"

"లేదు పిన్నిగారూ. నీళ్ల రంగు మారనే లేదు."

"మీ చెల్లెలే, అనుమానం లేదు."

అదొక్కటే ఆ రోజుల్లో మేం నవ్వుకున్న మాట. సీసా అడుగున అక్కడొకటి ఇక్కడొకటి, పొడుగు కాళ్లు చాపుకుని అతుక్కుని ఉండేవట. వాటిలో కొన్నింటిని బొటనవేలంత గొట్టాల్లో పోసి, చలి పొగలు కక్కే డ్రమ్ములో దాచిపెట్టింది. అక్కడ గడ్డకట్టి ఎన్నేళ్లైనా నిద్రపోతాయట. మిగతావాటికి బతిమాలి బతిమాలి తినిపించింది.

కొంత కాలానికి ఒక సాయంత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పిన్నిగారూ, పట్టుకుంది! సీసా నిండిపోయింది. నిన్న పోసిన నీళ్లు ఇవాళ్టికి పసుపు!"

"మీ చెల్లెలు ఎప్పటినుంచే ఇంత తిండిపోతు?" అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. చెల్లెలు పోయాక ఆ ఇంట్లోంచి వినబడిన మొదటి నవ్వు అది.

అక్కడి నుంచి అంతా మంచే అనుకున్నాం. ఆ ల్యాబుని నడిపే ప్రొఫెసరమ్మ, తెల్లజుట్టు మనిషి, ఆ కణాల మీదే పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. గడ్డ ఎందుకు పెరుగుతుందో నాకు తెలియాల్సిందేనని పట్టుబడితే, సీసాలక్క మెట్టు మీద కూర్చుని చెప్పింది.

"ఒక్కో కణం ఒక్కో ఇల్లు అనుకోండి. గోడ మీద కాపలావాళ్లుంటారు. బయటి కబురు అందుకుని లోపల ఒకడికి చెప్తారు. వాడు ఇంకొకడికి, వాడు ఇంకొకడికి. అలా చేతులు మారి చివరి గదిలో కూర్చున్న పెద్దకి చేరుతుంది. పెరగాలో, ఆగాలో, ఇక చాలించుకోవాలో ఆ పెద్ద చెప్తాడు. జబ్బు కణంలో దారి మధ్యలో ఒకడికి పిచ్చెక్కుతుంది. బయట ఎవ్వరూ ఏమీ చెప్పకపోయినా 'పెరగమన్నారు, పెరగమన్నారు' అని అరుస్తూనే ఉంటాడు."

"పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! మన వీధిలో కూడా ఉన్నారే అలాంటివాళ్లు."

సీసాలక్క నా వంక ఒకసారి చూసి, "ఉన్నారు పిన్నిగారూ," అంది.

అలాంటి దారులు ఒక్కో కణంలో బోలెడుంటాయట. ఏ దారిలో ఎవడు అరుస్తున్నాడో కనిపెడితే వాడి నోరు నొక్కే మందు చెయ్యొచ్చు. ప్రొఫెసరమ్మ ఆ అరిచేవాణ్ణి కనిపెట్టింది. వాడి నోరు నొక్కే మందు పోస్తే సీసాలో పెరుగుదల ఠక్కున ఆగింది. ఆ వార్త ఎక్కడెక్కడి డాక్టర్లో చదివారట. మా చెల్లి ఎంతమందిని కాపాడుతుందో చూడండి అనేది సీసాలక్క. ఎప్పుడూ నేల చూపులు చూసే మనిషి తలెత్తుకుని నడవడం మొదలుపెట్టింది.

ఏటా బుడంకాయ పుట్టినరోజున దాన్ని ల్యాబుకి తీసుకెళ్లేది. ఎత్తు సరిపోక మొదట్లో స్టూలెక్కి మైక్రోస్కోపులో చూసేదట. అమ్మకి చెప్పాల్సినవన్నీ ఆ గాజుకి చెప్పేదట. లెక్కల్లో వచ్చిన మార్కులు, స్నేహితురాలితో వచ్చిన గొడవ, పెద్దమ్మ కొత్త చెప్పులు కొనిపెట్టలేదన్న ఫిర్యాదు. తిరిగొచ్చాక నాకు చెప్పేది: "అమ్మ బాగుంది మామ్మా. సీసా నిండా ఉంది."

అంత బాగున్న చోటే బెడిసికొట్టింది. ఆ మందు మనుషులకిచ్చి చూశారు. అదే జబ్బున్నవాళ్లకి, ఎక్కడో దూరంగా ఉన్న ఆసుపత్రిలో. పని చెయ్యలేదు. కొంచెం కూడా చెయ్యలేదు. సీసాలో గంగిగోవులా మాట విన్న జబ్బు మనిషిలో అసలు వినిపించుకోనే లేదు. ఎందుకో తెలియక ప్రొఫెసరమ్మ చివరికి ఆ కణాలెవరివో పరీక్ష చేయించింది. వేలిముద్రల్లా ప్రతి మనిషి కణాల్లో ఒక ముద్ర ఉంటుందట. ప్రపంచంలో ల్యాబుల్లో పెరిగే కణాల ముద్రలన్నీ ఒక చోట రాసిపెట్టి ఉంటాయట.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసిందల్లా సీసాలక్క మెట్లెక్కడంలో తేడా. రెయిలింగు పట్టుకుని, మధ్యలో ఆగి, ఎక్కుతోంది. "తిన్నదా?" అంటే తల దించుకుని పైకి పోతోంది. వారం చూశాను. ఆపుకోలేక పైకెళ్లి తలుపు కొట్టాను. బుడంకాయ కాలేజీకి పోయింది. ఈవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం రాదు ఆమెకి. ఊరికే చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఏమయిందే?"

"అది మా చెల్లి కాదు పిన్నిగారూ."

నాకు అర్థం కాలేదు. ఎదురుగా నేల మీద కూలబడ్డాను.

"ఎవరో ఆవిడ. ఎక్కడో వేరే దేశంలో, నేను పుట్టక ముందే పోయిందట. ఆవిడ కణాలు ఇప్పటికీ అన్ని ల్యాబుల్లోనూ పెరుగుతున్నాయి. మా దగ్గరా ఉండేవి, పక్క అరలోనే. ఎప్పుడో ఒక్క చుక్క మా చెల్లి సీసాలో పడింది. అవి మహా తిండిపోతులు. కలుపు మొక్కలా అల్లుకుపోతాయి. నెమ్మదైనవాటిని బతకనివ్వవు."

"ఎప్పుడు పడింది?"

"సీసా నిండిందని నేను పరుగెత్తుకుంటూ వచ్చానే, దానికి కాస్త ముందు." ఆమె చక్రాన్ని అటూ ఇటూ కదిపింది. "నేను సంబరపడే వేళకే అది పోయింది పిన్నిగారూ. రెండోసారి పోయింది. నేనేమో మిఠాయి పంచాను."

ఎవరి చేతి నుంచి పడిందే అని అడగడానికి నోటిదాకా వచ్చింది. ఆమె చేతులు చూసి మింగేశాను. కడిగి కడిగి వేళ్ల మధ్య చర్మం చిట్లి ఉంది. ప్రొఫెసరమ్మ మాత్రం ల్యాబులో అందరినీ పిలిచి చెప్పిందట: ఎవరి తప్పో వెతకొద్దు, ఇక తెలియదు, బాగా పెరుగుతోంది కదా అని మనం ఎవ్వరం అడగలేదు, నేనూ అడగలేదు. అచ్చయిన పరిశోధనంతా తప్పని తనే రాసి పంపిందట. ముసలితనంలో ఎంత తలవంపులు! గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

"పిల్లకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది. "పుట్టినరోజు దగ్గరికొస్తోంది. ఏం చూపించను?"

"ఏమీ చూపించకు. ల్యాబు మూసేశారని చెప్పు."

"అలాగే చెప్దామనుకున్నా. కానీ ఇంకొకటుంది," అని చక్రం మీంచి చెయ్యి తీసింది. డ్రమ్ము అడుగున ఇంకా ఒక్క గొట్టం మిగిలి ఉంది. మొదటి రోజుల్లో, తిననని మొండికేసినప్పుడు దాచినది. మిగతా పాతవన్నీ వాడేశారు. ఇదొక్కటి మరుగున పడిపోయింది. ఆసుపత్రివాళ్లు భద్రపరిచిన అసలు గడ్డ ముక్క కూడా వాళ్లు కొత్త భవనంలోకి మారినప్పుడు పోయింది. చెల్లెలిదంటూ భూమ్మీద ఏదైనా ఉంటే ఇక అదే. ప్రొఫెసరమ్మ దాన్ని కరిగించి పెంచుదామంటోంది. అసలు అరిచేవాడు ఏ దారిలో ఉన్నాడో అప్పుడే తెలుస్తుంది. అది చెల్లెలిదే అవునో కాదో తేల్చాలంటే పోల్చి చూడ్డానికి కన్నకూతురి బుగ్గలోంచి దూదిపుల్లతో తడి తియ్యాలి.

"కరిగిస్తే లేస్తుందా?"

"ఇన్నేళ్లకి... లేవొచ్చు, లేవకపోవచ్చు. మొదట్లోనే నీరసంగా ఉండేవి. లేవకపోతే ఇంక ఏమీ ఉండదు పిన్నిగారూ. కరిగించకపోతే కనీసం అక్కడ ఉందని ఉంటుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోకం మీద ఉన్న సలహాలన్నీ నా దగ్గర ఉంటాయి గానీ దానికి మాత్రం దొరకలేదు.

చెప్పే పని కూడా నా గుమ్మంలోనే అయింది. పైన ఆ మిషను ముందు చెప్పలేనని, నన్ను పక్కన ఉండమంది. బుడంకాయ పుస్తకాల సంచి దించకుండానే అంతా వింది. అరుస్తుందనుకున్నాను. నెమ్మదిగా అడిగింది.

"అయితే ఇన్నేళ్లూ నేను ఎవరితో మాట్లాడాను పెద్దమ్మా?"

సీసాలక్క దాని సంచి దించబోతే అది వెనక్కి జరిగింది.

"నాకు ముందు రోజు జ్వరమొచ్చినా ఆ రోజు వచ్చేదాన్ని. ఏమీ దాచకుండా చెప్పేదాన్ని. ఎవరో ఆవిడకి, మన మాటలు కూడా రాని ఆవిడకి."

"పోనీలే తల్లీ, పాపం ఆవిడా ఎవరికో అమ్మే అయ్యుంటుంది," అన్నాను. అన్నాక ఎందుకన్నానా అనిపించింది. అది నన్ను చూసిన చూపుకి కుర్చీలో కుంచించుకుపోయాను.

మూడు రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. పైన గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. నాలుగోనాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి దిగారు. మెట్ల మీదే వాదన.

"కరిగించు పెద్దమ్మా."

"లేవకపోతే?"

"అక్కడ గడ్డకట్టి ఉంటే మాత్రం నాకేం ఒరిగింది? ఇన్నేళ్లలాగే అమ్మేనో కాదో తెలియకుండానే ఉంటాను కదా."

"నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలియదు."

"నాకు తెలిసిందే అదొక్కటి. నోరు తెరుస్తున్నా, తీసుకో," అని బుగ్గ చూపించింది. అచ్చం తల్లి మొండితనం. సీసాలక్క సంచిలోంచి దూదిపుల్ల తీసింది. అంటే రోజూ సంచిలో పెట్టుకునే తిరుగుతోందన్నమాట.

కరిగించే రోజు నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు. వస్తానంటే వద్దనలేదు. పొడుగాటి వరండా, గోడంతా గాజు. అవతల సీసాలక్క తెల్లకోటు తొడుక్కుని, గాలి వీచే బల్ల ముందు కూర్చుంది. ఆ రోజు ఆ బల్ల మీద ఇంకే సీసా లేదు. పక్క బల్లలవాళ్లు తమంతట తాము లేచి బయటికి వచ్చేశారు. డ్రమ్ము మూత తీస్తే తెల్లటి పొగ నేల మీదికి పాకింది. బొటనవేలంత గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో పట్టుకుని తిప్పింది. లోపల శనగగింజంత మంచు మిగిలేదాకా చూసి, తీసి, గులాబీరంగు నీళ్లు చుక్క, ఇంకో చుక్క, ఇంకో చుక్క వేసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. గాజులోంచి వినబడలేదు గానీ నాకు తెలుసు. "ఇదొక్కటీ, నా బంగారు కదూ."

బుడంకాయ నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత రోజుల్లో సాయంత్రాలు మళ్లీ పాత ప్రశ్నే.

"తిన్నదా?"

"చాలామట్టుకు పైన తేలుతున్నాయి. తేలితే పోయినట్టే. కొన్ని అతుక్కున్నాయి."

"ఎలా ఉన్నాయే?"

"పొడుగు కాళ్లు చాపుకుని." ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. "మొదట్లో ఎలా ఉండేవో అలాగే. నేనెలా మర్చిపోయాను పిన్నిగారూ? ఆ తిండిపోతు కణాలు గులకరాళ్లలా ఉంటాయి. రోజూ చూస్తూ ఉండి, ఎలా మర్చిపోయాను?"

నీళ్ల రంగు మారలేదు. ఆహారంలో ఏవేవో బలాలు కలిపి చూసింది. వేడి సరిచూసింది. సీసాని మామూలుగా పట్టుకోకుండా, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తీసేదట. అయినా రోజుకి కొన్ని పట్టు వదిలేస్తున్నాయి.

ఒక ఉదయం ప్రొఫెసరమ్మ మైక్రోస్కోపులోంచి తలెత్తి చెప్పిందట: "ఇవి ఇక పెరగవు. ఇవాళ ఉన్నవాటిని తీసి పగలగొడితే లోపలిది చదవొచ్చు. ఎవరో తెలుస్తుంది, జబ్బు ఏ దారిలో ఉందో తెలుస్తుంది. ఇంకో రెండు రోజులు ఆగితే చదవడానికి కూడా మిగలవు. నిర్ణయం నీది. నేను బలవంతం చెయ్యను." నీకు చేతులు రాకపోతే ఇంకెవరైనా చేస్తారులే అని కూడా అందట.

సీసాలక్క మధ్యాహ్నానికి ఇంటికి వచ్చింది. అలా పట్టపగలు రావడం ఎప్పుడూ లేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"తినిపించమని నా చేతిలో పెట్టింది పిన్నిగారూ. చంపమని కాదు."

నేనేం చెప్పగలను? అయినా నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. "అది తిననప్పుడు నువ్వేం చేసేదానివే? ఆఖరికి?"

"పళ్లెం తీసేసేదాన్ని," అంది. "ఇక చాల్లే, లేచి చెయ్యి కడుక్కో అనేదాన్ని."

టీ ఇచ్చాను. తాగలేదు. లేచి, వచ్చిన దారినే వెళ్లింది.

ఇంకొకరి చేత చేయించలేదు. తనే కూర్చుంది. పాత నీళ్లు తీసేసి, ఒకసారి కొత్త గులాబీ నీళ్లు పోసిందట. ఎలాగూ పారబోయాల్సినవే, ఎందుకంటే చెప్పలేనంది. కాసేపు ఉంచి, అవీ తీసేసింది. తర్వాత వాటిని పగలగొట్టే మందు పోసింది. మైక్రోస్కోపులో చూస్తుండగానే ఆ పొడుగు కాళ్లు ముడుచుకుని, గీతలు చెరిగిపోయి, ఖాళీ అడుగు కనిపించిందట. ఈ మాటలు నాకు చెప్పేటప్పుడు ఆమె గోడనే చూస్తూ ఉంది.

జవాబు రావడానికి కొంత కాలం పట్టింది. బుడంకాయ పుట్టినరోజు ఈలోగా వచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు ఎక్కడికీ వెళ్లలేదు. నా గదిలో కూర్చుని నాకు బటన్లు కుట్టి పెట్టింది. తల్లి నేర్పని పని, దానంతటది నేర్చుకుంది. వంకరగానే కుట్టింది, నేనేమీ అనలేదు.

ఒక సాయంత్రం సీసాలక్క మెట్ల మొదట్లోనే ఆగింది. పిల్ల నా గుమ్మంలోనే ఉంది.

"అమ్మేనా?" అని అడిగింది.

"అమ్మే."

అంతే. బుడంకాయ గడప మీద కూర్చుండిపోయి మోకాళ్లలో తల పెట్టుకుంది. తల్లి పోయిన రోజున అది ఆడుకుంటూ ఉంది, ఏడవడం తెలియని వయసు. ఆ ఏడుపంతా ఇన్నేళ్లకి వచ్చింది. పెద్దమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది, చిట్లిన వేళ్లతో.

మిగతాది నాకు తర్వాత చెప్పింది. చెల్లెలిలో అరిచినవాడు వేరే. వేరే దారి, వేరే మనిషి. ఇన్నేళ్లూ అందరూ నోరు నొక్కింది ఆ పరాయి ఆవిడ ఇంట్లోవాణ్ణి. చెల్లెలి ఇంట్లో అరుస్తున్నవాడి వైపు ఎవ్వరూ తిరిగి చూడలేదు. ప్రొఫెసరమ్మ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తన కాలంలో తేలుతుందో లేదో తనకే తెలియదట. చేతిలో చెల్లెలిది బతికున్నది ఏదీ లేదు. కాగితం మీద, ఆ కణాల్లోంచి చదివిన అక్షరాల వరస ఒకటి మిగిలింది. ఆ జబ్బుతో పోయినవాళ్లు ఇన్నేళ్లలో ఎంతమందో, ఆ లెక్క నేను అడగలేదు. ఏదైనా అడగకుండా ఉండటం నాకు అదే మొదటిసారి.

సీసాలక్క ఉద్యోగం మానేస్తుందనుకున్నారు వీధిలో. మానలేదు. సెలవు రోజున గొడుగు వేసుకుని వెళ్తూనే ఉంది. ఒంగిన నడుం మళ్లీ నిటారు కాలేదు. ఇప్పుడు ల్యాబులో ప్రతి కొత్త సీసాకీ ముద్ర పరీక్ష ఉంది, మొదట్లో ఒకసారి, మధ్యమధ్యలో మళ్లీ. అయినా ఆమె ఎవరి సీసా నిండినా సంతోషించదు. బాగా పెరిగిందంటే ముందు అనుమానిస్తుంది.

మొన్న అదే జబ్బుతో ఇంకొకావిడ గడ్డలోంచి ముక్క వచ్చిందట. ఆవిడ ఇంకా బతికే ఉంది, ఆసుపత్రిలో. ఎవరో ఏమిటో పేరు చెప్పరు. సాయంత్రం మెట్లెక్కుతుంటే కుర్చీ అడ్డం జరిపి అడిగాను.

"ఎలా ఉందే కొత్తావిడ? తింటోందా?"

సీసాలక్క గొడుగు ముడిచి నీళ్లు విదిలించింది.

"సరిగా తినడం లేదు పిన్నిగారూ," అంది.

చాలా కాలం తర్వాత ఆ ముఖంలో కొంచెం నమ్మకం కనిపించింది. కుర్చీ పక్కకి జరిపాను. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, పైకి వెళ్లిపోయింది.